సాక్ష్యం చెప్పిన వారం

"సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని పాస్టరుగారు అడగ్గానే క్రేనక్క లేచింది. ఆమె లేస్తే బెంచీ కిర్రుమంటుంది. ఆ చప్పుడుకి వెనక వరుసలో కునికిపాట్లు పడుతున్న ఆమె మొగుడు ఉలిక్కిపడి, ప్రార్థన మొదలైందనుకుని గబగబా తల వంచుకున్నాడు.

వృద్ధుల హోంలో మంచం పట్టినవాళ్ల వార్డు ఆమెది. అక్కడ మనుషుల్ని మంచం మీంచి ఎత్తే క్రేను లాంటి మిషను ఒకటి ఉండేది. అది చెడిపోయి స్టోరుగదిలో చేరాక దాని పని ఈమె చేస్తోందని తోటి ఆయాలు ఆ పేరు పెట్టారు. మొదట్లో కోపమొచ్చేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే పక్కవాళ్లనేమో అనుకుంటుంది.

మైకు ఎడమచేత్తో పట్టుకుంది.

"పోయిన వారం ఏం జరిగిందంటేనండీ, నాతో జతగా చేసే ఆయా పని మానేసి వెళ్లిపోయింది. వార్డులో నేనొక్కదాన్నే. మా టైలరమ్మని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. ఆవిడకి నడుము కింద చచ్చుబడిపోయింది. బరువంటారా, ఆవిడ వినకూడదు గానీ, బస్తా కాదండీ, బస్తాలేసిన బండి." జనం నవ్వారు. ఆ నవ్వుకి ఆమె గొంతు ఇంకాస్త తెరుచుకుంది. "ఎప్పుడూ ఇద్దరం పట్టేవాళ్లం. ఆ రోజు పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఆవిడేమో పక్క తడిసిపోయి ఏడుస్తోంది. 'ప్రభువా, బలమియ్యి' అన్నాను. అంతే! దూదిమూట లేచినట్టు లేచింది. నా బలం కాదండీ అది. నాకెక్కడిది అంత బలం? దేవుడి బలం."

"హల్లెలూయా" అని హాలంతా మోగింది. ముందు బెంచీలో హోం మేనేజరు కూర్చుని ఉన్నాడు. సంఘంలో ఆయన పెద్ద కూడా. రెండు చేతులూ పైకెత్తి, అందరి ఆమెన్లూ అయిపోయాక తనొక్కడే ఇంకో ఆమెన్ అన్నాడు.

బయటికొచ్చాక ముసలీ ముతకా ఆమె చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పారు. ఒకావిడ కుడిచెయ్యి పట్టుకుని ఊపబోతే క్రేనక్క చటుక్కున ఎడమచెయ్యి అందించింది.

ఇంటికెళ్లాక ఆమె మొగుడు తలుపు గడియ పెట్టి నూనెగిన్నె తెచ్చాడు. అతను ఇళ్లకి రంగులేసే మనిషి. ఎంత కడిగినా చేతులకి టర్పెంటైను వాసన పోదు. ఆమె కుడిచేతిని మెల్లగా లేపి జాకెట్టు చేతిలోంచి బయటికి తీశాడు. ఆ చెయ్యి రొమ్ము దాకా వచ్చి అక్కడ ఆగిపోతోంది. అంతకుమించి లేపితే ఆమె పళ్లు బిగుసుకుంటున్నాయి.

"దేవుడు ఎత్తాడన్నావు. మరి నొప్పి ఆయనకి రావాలి గానీ నీకొచ్చిందేమిటే?"

"వేళాకోళాలాడకు. రాయి."

"రాస్తున్నా కదా. ఆ ఎత్తినాయన్నే వచ్చి నూనె కూడా రాయమనకపోయావా?"

ఆమె నవ్వబోయి భుజం కదిలి "అబ్బా" అంది. టైలరమ్మ లేచిన క్షణంలోనే లోపలెక్కడో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆ సంగతి సాక్ష్యంలో చెప్పలేదు. అబద్ధమాడాలని కాదు. చెబితే కథ పాడవుతుందనిపించింది.

సోమవారం పూట మారేవేళ మేనేజరు ఆయాలందర్నీ భోజనాల గదిలోకి పిలిపించాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. మాట్లాడేముందు కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ఆగడం ఆయన అలవాటు. ఆ నిమిషంలో ఆయాలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం వాళ్ల అలవాటు.

"నిన్న మన సోదరి సాక్ష్యం రాత్రంతా నా చెవుల్లో మోగిందమ్మా. మానేసినామె చోట్లో ఎవర్ని పెట్టాలా అని నేను వారంరోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. దేవుడు ఈ తల్లి నోటితో జవాబిచ్చాడు. మనం మన బలం మీద ఆధారపడినంతకాలం ఎంతమందున్నా చాలరు. ఆయన మీద ఆధారపడితే ఒక్కరు చాలు. ఇవాళ్టినుంచి మంచం వార్డులో పూటకి ఒక్కరే. పొద్దున పిచ్చుక, మధ్యాహ్నం నుంచి మన క్రేనక్క. మిగతావాళ్లు ముందు వార్డుకి."

ముందు వార్డు అంటే నడవగలిగినవాళ్ల వార్డు. చూడటానికి వచ్చే చుట్టాలకీ దాతలకీ కనబడేదీ అదే.

పిచ్చుక గోడకానుకుని నిలబడి ఉంది. సన్నగా, ఎముకకి తోలు తొడిగినట్టుంటుంది. ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూ తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు మాత్రం నోరు తెరిచి, శబ్దం రాక, క్రేనక్క వైపు చూసింది. ఎవరైనా కాదనవలసి ఉంటే ఆ కాదనవలసిన మనిషి క్రేనక్కే. అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి.

"సరే సార్" అంది క్రేనక్క.

ఎందుకన్నదో ఆమెకే తెలీదు. 'మన క్రేనక్క' అన్నాడు. అందరిముందూ తల్లీ అన్నాడు. దేవుడు తన నోటితో జవాబిచ్చాడన్నాడు. కాదంటే నిన్నటి సాక్ష్యం ఏమైపోతుంది?

బట్టలు మార్చుకునే గదిలో పిచ్చుక ఆమెని నిలదీసింది. "నువ్వంటే కొండవక్కా. నేను టైలరమ్మని ఎత్తడమేంటి? ఆవిడ తుమ్మితే నేను ఎగిరిపోతాను."

"నేర్పిస్తా రా. దానికో కిటుకుంది."

నేర్పించింది. ఖాళీ మంచం మీద తానే టైలరమ్మలా కూర్చుంది. "కుర్చీ బ్రేకులు వెయ్యి. ముందు అది. ఇప్పుడు నా మోకాళ్లని నీ మోకాళ్లతో బిగించు. నా చేతులు నీ మెడ చుట్టూ. నీ చేతులు నా నడుం కింద. వెనక్కీ ముందుకీ ఊపు, ఊపులో లేపు, లేచీలేవగానే తిప్పు. ఆగావా, పోయావు."

పిచ్చుక ఊపింది. మంచం కదిలింది గానీ క్రేనక్క కదల్లేదు.

"నా వల్ల కావట్లేదక్కా."

"అలా అనకూడదే. విశ్వాసం ఉండాలి. లేపేముందు ఒక్కసారి ప్రభువా అనుకో. ఆయనే చూసుకుంటాడు."

ఆ మాట అన్నప్పుడు కుడిచెయ్యి యూనిఫారం జేబులో పెట్టుకుని ఉంది. ఆ జేబు మోస్తే తప్ప చెయ్యి నిలవడం లేదు.

బుధవారం మధ్యాహ్నం క్రేనక్క పూటకి వచ్చేసరికి వంటింట్లో గిన్నెలు తోముతున్న మోత వరండా దాకా వినిపిస్తోంది. ఆ మోతలో ఇంకేదో గొంతు. "ఎవరన్నా రండీ... ఎవరన్నా..." ఎంతసేపటినుంచి పిలుస్తోందో, అది పిలుపులా లేదు, మూలుగులా ఉంది.

వార్డులో టైలరమ్మ నేల మీద పడి ఉంది. ఆమె కింద పిచ్చుక. పడుతున్నావిడ తల నేలకి తగలకుండా పిచ్చుక తానే కిందికి దూరింది. రెండు సన్నకాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. కుర్చీకి బ్రేకులు వేసే ఉన్నాయి. టైలరమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంగకూడని వైపుకి వంగి ఉంది.

"ఒసే క్రేనూ" అంది టైలరమ్మ, ఏడుపు ఆపుకుంటూ. "ముందు దీన్ని బయటికి లాగవే. నా కింద చచ్చేలా ఉంది పిల్ల."

క్రేనక్క వంటింటివైపు పరిగెత్తి కేకలేసి ఇద్దర్ని లాక్కొచ్చింది. దుప్పటి మడిచి నడుం కింద తోసి, తలోవైపు పట్టుకుని, 'ఊఁ' అనుకుని లేపారు. అలా లేపడం ఎంత తేలికో క్రేనక్క చేతులకి గుర్తుంది. అయినా కుడిభుజంలో నిప్పు రాజుకుంది. పెదవి కొరుక్కుంది. ఎవరూ చూడలేదు.

టైలరమ్మకి మిగిలిన పనల్లా ఆ కుడిచేత్తోనే. దాంతోనే రోజూ చేతిరుమాళ్లకి అంచులు కుట్టి వార్డులో అందరికీ పంచేది. "నా దగ్గర చెమట తుడుచుకోవడానికి కూడా డిజైన్లుంటాయి" అని జోకులేసేది. ఆసుపత్రి నుంచి సాయంత్రానికి సిమెంటు కట్టుతో తిరిగొచ్చింది. జోకులు రాలేదు.

మేనేజరు పిచ్చుకని వరండాలోనే నిలబెట్టాడు.

"అదే వార్డు. అదే పేషెంటు. అదే పని. క్రేనక్క ఒక్కతే చేస్తోందా లేదా?"

"చేస్తోంది సార్."

"నీ దగ్గరకొచ్చేసరికే ఎందుకు పడింది? ప్రార్థన చేశావా?"

పిచ్చుక ఒక చేత్తో డొక్క పట్టుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా మొహం ముడుచుకుంటోంది. దాని గురించి ఆయన అడగలేదు. "చేశాను సార్."

"మనసుపెట్టి చేసి ఉండవు. ఇది నిర్లక్ష్యం. శనివారం మన హోం ట్రస్టు డాక్టరమ్మగారు వస్తున్నారు. ఆవిడ ముందు తేలుస్తాను. నిర్లక్ష్యం అని ట్రస్టు రాసిందంటే ఇక్కడే కాదు, ఇంకే హోం వాళ్లూ నిన్ను గడప తొక్కనివ్వరు. అప్పటిదాకా వార్డులోకి రాకు. ఎవర్నీ ముట్టుకోకు." తర్వాత క్రేనక్క వైపు తిరిగి గొంతు మెత్తబరిచాడు. "అమ్మా, శనివారం మీరు డాక్టరమ్మగారి ముందు టైలరమ్మని ఒక్కసారి లేపి చూపించాలి. అంతే. ఈ పని ఒక్కరు చెయ్యగలిగిందేనని ఆవిడ కళ్లతో చూస్తే ఇంక వాదన ఉండదు. దేవుడికి మహిమ కలుగుతుంది."

పడ్డ ముసలమ్మకి చెయ్యి విరిగింది. కింద దూరిన పిల్లకి డొక్కలు కదిలాయి. మహిమ మాత్రం దేవుడికట! క్రేనక్కకి ఒళ్లు మండింది. ఆ మంట ఎవరి మీదకి పోవాలో తెలీక ముందు తన మీదకే పోయింది.

గురువారం పొద్దున్నే పాస్టరుగారి దగ్గరికెళ్లింది. ఆయన నిచ్చెన మీద నిలబడి లౌడుస్పీకరు తీగ సరిచేస్తున్నారు. ఆమె కిందనుంచే సంగతంతా చెప్పింది. పిచ్చుక ఎలా పడిందో, మేనేజరు ఏమన్నాడో అన్నీ చెప్పింది. భుజం సంగతి మాత్రం గొంతు దాకా వచ్చి ఆగింది.

"పాపం" అన్నారు పాస్టరుగారు, నోట్లో స్క్రూ పెట్టుకునే. "ఆ అమ్మాయికోసం ప్రార్థిస్తాను."

"ప్రార్థనతోపాటు మీరో మాట మేనేజరుగారికి చెబితే అయ్యగారూ. వార్డుకి ఇద్దరు కావాలని."

ఆయన స్క్రూ తీసి చేతిలో పట్టుకున్నారు. "ఆయన మన సంఘానికి పెద్దదిక్కమ్మా. హోం వ్యవహారాల్లో నేను వేలు పెడితే బావుంటుందా? మీకు బలమిచ్చిన దేవుడు అందరికీ ఇస్తాడు. అన్నట్టు, మీ సాక్ష్యానికి చాలామంది ఆదరణ పొందారు. వచ్చే నెల కూటాల్లో కూడా చెప్పాలి మీరు."

ఆమె వీధిలోకొచ్చి వడివడిగా నడిచింది. ఒకర్ని మనిషినడిగితే దేవుడి బలం అంటారు. ఇంకొకర్ని మాటసాయం అడిగినా దేవుడి బలమే. చేతులడిగితే వీళ్లు ఆకాశం చూపిస్తారు. దేవుడేమైనా వీళ్ల దగ్గర పనికి కుదిరిన కూలివాడా, ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి తోలడానికి? అనుకుని, సోమవారం బట్టలు మార్చుకునే గదిలో తను అన్న మాట గుర్తొచ్చి నడక తగ్గింది. ఆయనే చూసుకుంటాడు. తనూ తోలింది.

పిచ్చుక ఒక మేడమెట్ల కిందున్న గదిలో అమ్మతో ఉంటుంది. క్రేనక్క వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. పొట్ట చుట్టూ గుడ్డ బిగించి కట్టుకుని ఉంది. లోపలినుంచి తల్లి గొంతు వినబడింది: "ఎవరే వచ్చింది?"

"క్రేనక్కమ్మా. మొన్న చర్చిలో దేవుడి చేత బరువులు మోయించిందే, ఆవిడ."

క్రేనక్క మెట్టు మీద కూర్చుంది. "తిట్టవే. తిట్టించుకోవడానికే వచ్చా."

"తిట్టే ఓపిక లేదు. నవ్వితే నొప్పి, ఏడిస్తే నొప్పి. ఉల్లిపాయలు కోసుకుంటే ఉత్తపుణ్యానికి కళ్లనీళ్లొస్తాయని కూర్చున్నా." కత్తి పక్కన పెట్టింది. "ఒక్క సంగతి చెప్పక్కా. ఆయన ప్రార్థన చేశావా అనడిగాడు. చేశాను. నువ్వు చెప్పినట్టే ప్రభువా అనుకునే ఎత్తాను. ఆవిడ లేచింది కూడా. నిజంగా లేచింది! నీకిచ్చినట్టే నాకూ ఇచ్చాడనుకున్నా. తిప్పేటప్పుడు మోకాలు మడతపడింది. నేనేం తప్పుచేశానని నీకిచ్చి నాకివ్వలేదు?"

క్రేనక్క కొంగు చాటునుంచి కుడిచెయ్యి తీసింది. పిచ్చుక చూస్తుండగా దాన్ని పైకి లేపబోయింది. రొమ్ము దగ్గర ఆగింది. ఎడమచేత్తో పట్టుకుని ఇంకాస్త నెట్టబోతే నుదుటి మీద చెమట పట్టింది.

పిచ్చుక ఆ చేతిని పట్టి మెల్లగా కిందికి దించింది. "ఎప్పటినుంచి?"

"అదే రోజు. ఆవిడ లేచింది, ఇది తెగింది."

"అంటే ఆ రోజు దేవుడు ఎత్తలేదన్నమాట. నీ భుజం ఎత్తింది."

"ఆయన ఇచ్చిన భుజమే కదే."

"ఒకటే ఇచ్చాడు కదక్కా ఆ పక్కకి. రెండోపక్కకి ఇంకో మనిషినిచ్చాడు. ఆ మనిషి చోటునే మేనేజరు తీసేశాడు." పిచ్చుక గొంతు పెరిగింది, డొక్క పట్టుకుని మళ్లీ తగ్గించుకుంది. "నువ్వేమో దేవుడి బలం, దేవుడి బలం అన్నావు. విన్నవాళ్లందరికీ కనబడింది నీ బలమే. నాకూ అదే కనబడింది. ఇంటికెళ్లి అద్దంలో నా చేతులు చూసుకున్నా."

లోపలినుంచి తల్లి మళ్లీ అడిగింది: "ఏంటే గొడవ?"

"ఏం లేదమ్మా. వాక్యం చెప్పుకుంటున్నాం."

క్రేనక్క ఆ సాయంత్రం వార్డులో టైలరమ్మకి స్పూనుతో జావ తాగించింది. ఎడమచెయ్యి అలవాటు లేక సగం గడ్డం మీద పడింది. టైలరమ్మ ఎప్పట్లా తిట్టలేదు. "నువ్వు కూడా నన్ను పడేస్తావా?" అనడిగింది. అది జోకో భయమో తెలియలేదు. క్రేనక్క ఆవిడ గడ్డం తుడిచింది. చాలాకాలంగా ఆమె ప్రార్థన కూలివాళ్లు బరువెత్తేటప్పుడు వేసే కేకలాంటిది. ప్రభువా అనడం, ఎత్తేయడం. అన్న తర్వాత ఆగి జవాబు విన్న రోజు ఒక్కటి కూడా గుర్తులేదు.

శనివారం డాక్టరమ్మ వచ్చేసరికి వార్డు నేల రెండుసార్లు తుడిపించారు. మంచాలకి కొత్త దుప్పట్లు. ఆవిడ పొడవాటి మనిషి, ఎక్కువ మాట్లాడదు. మేనేజరు ఆవిడ పక్కనే నడుస్తూ వార్డు గురించి చెబుతూనే ఉన్నాడు. పిచ్చుకని గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"ఈవిడేనండీ నేను చెప్పిన ఆయా" అన్నాడు మేనేజరు. "ఒక్కతే, ఒంటిచేత్తో. ప్రార్థనాపరురాలు. ఎత్తే మిషను చెడినా మాకు లోటు లేకుండా దేవుడు నడిపిస్తున్నాడు. అమ్మా, కానీయండి."

టైలరమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. సిమెంటు కట్టు ఒళ్లో పెట్టుకుంది. "నన్నెవరూ అడగరా?" అంది.

"భయపడకండి. క్రేనక్క ఉందిగా" అన్నాడు మేనేజరు.

"మొన్న పిచ్చుక ఉంది. అప్పుడూ భయపడొద్దనే అన్నారు."

క్రేనక్క కుర్చీ దగ్గరికి లాగి బ్రేకులు వేసింది. మోకాళ్లకి మోకాళ్లు బిగించింది. వంగింది. టైలరమ్మ మంచిచెయ్యీ కట్టున్న చెయ్యీ ఆమె మెడ చుట్టూ వచ్చాయి. మెడ వెనక సిమెంటు చల్లగా తగిలింది. ముసలావిడ ఊపిరి చెవి దగ్గర వణుకుతోంది.

ఎత్తగలదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎడమభుజం, తుంటి, నడుము మూడూ కలిపితే ఇంకొక్కసారి ఎత్తగలదు. తర్వాత ఏమైతే అది అవుతుంది. పేరు నిలుస్తుంది. పాస్టరుగారు కూటాల్లో పిలుస్తారు. పిచ్చుక గుమ్మంలోంచి అటే వెళ్లిపోతుంది.

"ప్రభువా" అంది అలవాటుగా.

ఈసారి ఆగింది.

వెనక మేనేజరు సన్నగా దగ్గాడు. డాక్టరమ్మ చెప్పులు నేల మీద ఒకసారి కదిలాయి. క్రేనక్క అలా వంగే ఉంది. ఇంత బరువు చేతుల్లో పెట్టుకుని ఏమీ చేయకుండా ఉండటం ఆమె జన్మలో ఎరగదు. ఎత్తడానికి కావలసిన బలం ఒళ్లంతా వెతికితే దొరికేలానే ఉంది. వద్దనడానికి కావలసింది మాత్రం ఎక్కడ వెతికినా తనలో లేదు. అది ఆమెకి బయటినుంచి రావాలి. అది రావడం ఆమెకి తెలిసింది. ఎలాగంటే మాత్రం చెప్పడం ఆమెకి చేతకాదు. బిగించిన మోకాళ్లు వాటంతటవి వదులయ్యాయి.

టైలరమ్మని మెల్లగా మంచం అంచునే కూర్చోబెట్టి, నిటారుగా నిలబడింది.

"నేనెత్తలేనండి."

మేనేజరు నవ్వాడు. "కంగారుపడకమ్మా. ఒక్క నిమిషం ప్రార్థన చేసుకో."

"చేసుకున్నాను సార్. వచ్చిన జవాబే చెబుతున్నా."

ఆమె కుడిచెయ్యి లేపి ఎక్కడ ఆగుతుందో డాక్టరమ్మకి చూపించింది. "ఆదివారం చర్చిలో సగమే చెప్పానండీ. దూదిమూటలా లేచిందన్నాను. భుజం తెగిందని చెప్పలేదు. ఆ సగం సాక్ష్యం పట్టుకుని ఈయన రెండోమనిషిని తీసేశారు. ఎత్తలేనని ఆ అమ్మాయి మొదటిరోజే నాతో చెప్పింది. విశ్వాసం ఉండాలని నేనే దాని నోరు మూయించాను. నిర్లక్ష్యం ఎవరిదంటే, ముందు నాది. తర్వాత ఈయనది. దానిది కాదు."

మేనేజరు మొహం మాడిపోయింది. "భుజం సంగతి ఎప్పుడూ చెప్పలేదు డాక్టరుగారూ. చెబితే నేను..."

"మీరేమన్నా అడిగారా?" గుమ్మం దగ్గరనుంచి పిచ్చుక అంది. అందరూ తిరిగి చూసేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ క్రేనక్క భుజం మీద వేళ్లు పెట్టి ఒత్తి చూసింది. ఆవిడ నుదురు ముడిపడింది.

"మీ మీటింగు అయ్యాక చెప్పండి" అంది టైలరమ్మ. మంచం అంచున ఒక పక్కకి ఒరిగి, మంచిచేత్తో దుప్పటి పట్టుకుని వేలాడుతోంది. "ఈలోగా నేను నేల మీదకి పోతున్నా."

పిచ్చుక ఒక్క దూకులో రాబోయింది. మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు ముట్టుకోకూడదు."

"అయితే మీరు పట్టండి" అంది డాక్టరమ్మ.

"నేనా అండీ?"

"ఒక్కరు చెయ్యగలిగిన పనేనన్నారు కదా."

వేరే దారి లేదు. గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. క్రేనక్క పక్కన నిలబడి చెప్పింది: "మోకాళ్లు బిగించండి సార్. ఆవిడ చేతులు మీ మెడ చుట్టూ వెయ్యనివ్వండి. ఊపండి, ఊపులో లేపండి." ఆయన ఊపాడు. తెల్లచొక్కా మీద ఇస్త్రీ మడత అడ్డదిడ్డంగా విరిగింది. టైలరమ్మ జానెడు లేచింది. అంతే. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, కాళ్లు కంపించాయి. దించడానికి లేదు, తిప్పడానికి లేదు. ఆవిడ బరువంతా మెడకి వేలాడుతుంటే పక్కకి తల తిప్పే వీలు కూడా లేదు.

"ఎవరన్నా రండీ!" అని అరిచాడు. "ఎవరన్నా పట్టండి!"

పిచ్చుక ఆ అడ్డం పెట్టిన చెయ్యి ఇప్పుడెక్కడుందో చూడలేదు. డొక్కనొప్పితోనే వచ్చి వెనకనుంచి టైలరమ్మ చంకల కింద చేతులు దూర్చింది. డాక్టరమ్మ మోకాళ్ల కింద పట్టుకుంది. "ఊఁ" అంది క్రేనక్క. టైలరమ్మ కుర్చీలో కూర్చుంది. కూర్చుని, మేనేజరు చొక్కా కాలరు సర్ది, "కుట్టు బావుంది బాబూ. చంక దగ్గర కొంచెం వదులుంచుకో, పనికొస్తుంది" అంది.

మేనేజరు మాట్లాడే స్థితిలో లేడు. కిటికీ చువ్వలు పట్టుకుని ఒగురుస్తున్నాడు.

"ఈ వార్డుకి పూటకి ఇద్దరు" అంది డాక్టరమ్మ. "తక్కువైతే మీరు చెయ్యి వేస్తారు. ఈ అమ్మాయి పనిలోనే ఉంటుంది. డొక్కలు తగ్గాక రమ్మనండి." క్రేనక్కతో, "మీరు నాతో ఆసుపత్రికి వస్తున్నారు. ఎత్తేపని కొన్నాళ్లు కాదు, అసలే వద్దు" అంది.

అసలే వద్దు. ఆ మాట క్రేనక్క లోపల ఎక్కడో పడింది. ఎత్తని క్రేనక్కని ఈ హోంలో ఏమని పిలుస్తారో, ఉంచుకుంటారో లేదో. దాని గురించి డాక్టరమ్మ ఏమీ అనలేదు. తనూ అడగలేదు.

గుమ్మం దాటుతూ మేనేజరు చెమట తుడుచుకుని, "దేవుడి దయవల్ల అంతా సర్దుకుంది" అన్నాడు.

"నిజమేనండి" అంది క్రేనక్క, గదంతా వినబడేలా. "దయ ఆయనదే. చేతులే మనవి. అవి కూడా దాచుకుంటే ఎలా సార్?"

ఆయన నలిగిన చొక్కా సర్దుకుంటూ వరండాలోకి దిగాడు.

టైలరమ్మ నీళ్లడిగింది. క్రేనక్క ఎడమచేత్తో గ్లాసు నింపింది. ఆ చేతికింకా అలవాటు కుదరలేదు. నీళ్లు అంచు మీద ఊగాయి. నోటిదాకా తీసుకెళ్లగలనో లేదో తెలీక మధ్యలో ఆగింది.

టైలరమ్మ సిమెంటు కట్టు చెయ్యి ఎత్తి గ్లాసు అడుగున ఆనించింది. "పట్టుకున్నాలే" అంది. "వంచు."